నాటిన రాయి, చెక్కిన రాయి
(ఆరుబయటి శిల్పమునందు ప్రేరణ విచారము)

సాలూరునుండి కొరాపుటు పోవు కనుమదారికి చేరువను, తూర్పుకనుమల పాదమున పాచిపెంట యను గ్రామము కలదు. జయపుర సంస్థానపు దినములలో ఈ గ్రామాధిపతులకు ‘దక్షిణకవాట యువరాజు’ అను బిరుదముండెనని 1907లో వెలువడిన విశాఖపట్టణ మండల గెజిటీరు తెలుపుచున్నది. దక్షిణకవాటమనగా దక్షిణపు తలుపు. మైదానమునుండి కొండలలోనికి, కొండలనుండి మైదానములోనికి పోవువారికి ఇది వాకిలి. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో నేడిది యొక మండలకేంద్రము.

ఈ ప్రాంతమునుండి వచ్చిన విద్యార్థి యొకడు కొన్నియేండ్ల క్రిందట మా తరగతిలో నుండెను. కావ్యకారణములను బోధించు సందర్భమున నేను శిల్పమును దృష్టాంతముగా గైకొని, శిల్పి హృదయమున ముందుగా మూర్తి యుదయించుననియు, పిదప ఉలి దానిని వెలికి దెచ్చుననియు చెప్పితిని. పాఠము ముగిసిన పిమ్మట నా విద్యార్థి నాకడకు వచ్చి, “మాస్టారూ, మా అమ్మమ్మగారి ఊరు కనుమకి ఆవల ఉందండి. ఊరి నడుమ రాళ్లున్నాయి. వాటిని ఎవరూ చెక్కలేదు. ఊరంతా మోసుకొచ్చి నిలబెట్టారు. మరి వాళ్లని ఏమనాలండి?” అని యడిగెను. నేనప్పుడు చెప్పిన సమాధానము నాకే తృప్తి నీయలేదు. అవి ఆచారమునకు సంబంధించినవి, శిల్పమునకు సంబంధించినవి కావు అంటిని. ఆ తొందరపాటును దిద్దుకొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రేరణను గూర్చి మన యలంకారికులు చేసిన విచారము కవిపరమైనది. దండి సహజమైన ప్రతిభను, నిర్మలమైన శ్రుతమును, ఎడతెగని యభియోగమును కావ్యసంపదకు కారణములుగా జెప్పెను. మమ్మటుడు శక్తిని, నిపుణతను, అభ్యాసమును పేర్కొనెను. ఈ మూడును కర్తయందే యున్నవి. కవికి తాటాకును గంటమును చాలును గనుక ఈ లెక్క సరిపోయినది. కాని ఆరుబయట నిలువవలసిన శిల్పమునకు కర్తకు వెలుపల మరి మూడు కావలయును: రాయి కావలయును, చోటు కావలయును, ఆ రాతిని ఆ చోటికి చేర్చు చేతులు కావలయును. ఈ మూటిలో ఏ యొకటి లోపించినను ప్రతిభ గుండెలోనే యుండిపోవును. కావున ప్రతిభాదులతో పాటు వీనినిగూడ లెక్కకు తీసికొననిదే బహిరంగశిల్పమున ప్రేరణ యెక్కడినుండి వచ్చెనో తేలదు.

మన ప్రాచీనులు శిల్పమునకు జెప్పిన యర్థముగూడ ఇచ్చట స్మరింపదగినది. ఐతరేయ బ్రాహ్మణము మానవుల శిల్పములను దేవశిల్పములకు అనుకృతులని చెప్పి, అంతటితో ఆగక, శిల్పమువలన యజమానుడు తన్ను తాను సంస్కరించుకొనునని చెప్పినది. అనుకృతి యొక పార్శ్వము, ఆత్మసంస్కృతి రెండవ పార్శ్వము. మన విమర్శ మొదటిదానినే పట్టుకొని, పోలిక కుదిరినదా లేదా యని చూచుటకు అలవాటుపడినది. రెండవదానిని పట్టుకొన్నయెడల, చేసినవారిని ఆ పని యేమి చేసినదను ప్రశ్న పుట్టును. కొండరాళ్లను చూడవలసినది ఈ రెండవ ప్రశ్నతోనే.

గదబలలో ముండాభాషను మాటాడువారును, ద్రావిడభాషను మాటాడువారును గలరు. సాలూరు ప్రాంతపు గదబభాషను టి. బరో, సుధీభూషణ భట్టాచార్య పండితులు పరిశీలించియున్నారు. అది తెలుగునకు దాయాది భాష; కావున ఈ జనుల విషయము తెలుగుశాఖకు పరాయిది కాదు. కొరాపుటు ప్రాంతపు గదబల శిలాస్థాపనాచారమును గూర్చి హైమెన్‌డార్ఫ్ పండితుడు 1943లో నొక వ్యాసము ప్రకటించెను. తరువాతి పరిశోధకులును దీనిని విపులముగా వర్ణించిరి. మరణించినవారికి చేయు క్రియలలో కడపటిది ‘గోతర్’ అనునది. అది మరణానంతరము వెంటనే జరుగునది కాదు. ఎన్నియో యేండ్లు గడచి, ధాన్యమును పశువులును కూడిన పిదప, ఆ నడుమ గతించిన వారినందరిని ఒక్కసారిగా తలచుకొని చేయుదురు. ఎనుబోతులను మృతులకు ప్రతినిధులుగా నిలిపి, ఆదరించి, వెలుపలినుండి వచ్చిన బంధువర్గమువారికి అప్పగింతురు. అవి వెడలిపోవును. నాటిన రాళ్లు నిలిచియుండును. వానిలో నిలువురాయి యుండును, పరపురాయి యుండును.

ఊరినడుమ ఈ రాళ్లుండు చోటిని ‘సదర్’ అందురు. ఊరిపెద్దలు కూర్చుండి తగవులు తీర్చుటయు ఆ రాళ్లమీదనే. ఈ యంశము మిక్కిలి గమనింపదగినది. మృతుని గురుతుగా నిలిపిన రాయి బ్రతికియున్నవానికి ఆసనమగుచున్నది. తాతల రాళ్లమీద కూర్చుండి మనుమలు న్యాయము విచారింతురు. మైదానమున మన మొక స్మారకము కట్టినయెడల దానిచుట్టు ఇనుపకంచె వేయుదుము. ఎవ్వరును తాకరాదని పలక వ్రాయుదుము. అచ్చట తాకుటయే స్మరణము.

సవరలది వేరొక సంప్రదాయము. దానిని గదబల గోతరుతో కలిపివేయరాదు. సవరభాషకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చినవారు మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వారి సవరభాషా గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. సవరలు మృతునికొరకు చేయు ఒక ముఖ్యక్రియకు ‘గుఆర్’ అని పేరు. ఆ మాటలో మొదటి భాగమునకు నాటుట యనియు, రెండవ భాగమునకు రాయి యనియు అర్థము. అనగా ఆ క్రియకు పేరు ‘రాయి నాటుట’యే. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన సవరమత గ్రంథమున దీనిని విస్తరించి వ్రాసెను. సవరల గోడబొమ్మలు నేడు పట్టణములలోగూడ ప్రసిద్ధములైనవి. అవి మొదట ఇంటిలోపలి గోడమీద ఆత్మలను సంతోషపెట్టుటకై వ్రాసినవి. వానిలో మనుష్యులు, జంతువులు, చెట్లు అన్నియు గలవు. ఆకారములను రచించు నేర్పు లేక వారు రాతిని చెక్కక విడిచిరనుటకు వీలులేదని ఈ బొమ్మలే సాక్ష్యమిచ్చుచున్నవి. లోపల గోడకు రూపము నిచ్చిన జనులే వెలుపల రాతిని రాతిగానే నిలిపిరి. దీనికి కారణముండవలెను.

కారణము నాకు తోచినంతవరకు ఇట్టిది. చెక్కినచో రాయి ఒకని పోలికయగును. చెక్కని రాయి పోలికతో పనిలేక అతని స్థానమునే యాక్రమించును. పోలిక చూచుటకు కన్నులు చాలును. స్థానము నిచ్చుటకు ఊరంతయు కావలయును. రాతిని వెదకి యెన్నుకొనుట, త్రాళ్లు కట్టుట, మోయుట, గుంట త్రవ్వుట, నిలుపుట, పాతరాళ్లప్రక్కన దానికి తగిన తావు చూచుట, ఇవియన్నియు కలిసి యొక రచన. ఈ రచనలో ఎన్నిక గలదు, క్రమము గలదు, ఔచిత్యము గలదు. లేనిది ఉలి మాత్రమే. ఉలి లేనంతమాత్రమున శిల్పము లేదనుట, లిపి లేనంతమాత్రమున కవిత్వము లేదనుటవంటిది. జానపదగేయములను సాహిత్యమున చేర్చుకొన్న మనము ఈ రెండవమాటను ఏనాడో విడిచితిమి. మొదటిదానిని ఇంకను పట్టుకొని వ్రేలాడుచున్నాము.

ఇది కొండవారికే ప్రత్యేకమా? కాదు. మన పల్లెలలో బొడ్డురాయి గలదు. ఊరికి నాభిగా నెంచి, నడిబొడ్డున నిలిపెడి యా రాతికి తరచుగా రూపమే యుండదు. ఉన్నను మిక్కిలి స్వల్పము. తెలంగాణపు పల్లెలలో బొడ్డురాయి ప్రతిష్ఠనాడు అత్తవారిండ్లకు పోయిన ఆడపడుచులను సయితము పిలుచుకొని వత్తురు. ఊరు తన్ను తాను లెక్కపెట్టుకొను దినమది. ఇక ఓరుగల్లు అను పేరును చూడుడు. దానిని సంస్కృతీకరించి ఏకశిలానగరమనిరి. ఒక మహాసామ్రాజ్యపు రాజధాని యొక్క రాతిపేర వెలసినది. ‘వీరగల్లు’ అను మాటలోని ‘కల్లు’గూడ రాయియే. వీరగల్లులో యుద్ధమున గూలిన వీరుని రూపము చెక్కబడియుండును. అయినను పేరు మాత్రము రూపమునుబట్టి గాక రాతినిబట్టియే యేర్పడినది.

నాటిన రాతికిని చెక్కిన రాతికిని నడుమ సంధిస్థానమున నాగార్జునకొండ ఛాయాస్తంభములు నిలిచియున్నవి. ఇక్ష్వాకురాజగు శాంతమూలుడు స్వర్గస్థుడైన పిదప, అతని కుమారుడు వీరపురుషదత్తుని యిరువదవ రాజ్యసంవత్సరమున, అతని తల్లులు, సోదరీమణులు, భార్యలు కూడి యొక స్తంభమును నిలిపిరి. ఛాయ యనగా నీడయు నగును, పోలికయు నగును. ఒక్కమాటలోనే రెండు సంప్రదాయములును కలిసియున్నవి. స్తంభము నిలుచుట మొదటిది. దానిమీద రూపము చెక్కుట రెండవది. అచ్చట శిల్పి పేరుకంటె నిలిపినవారి బంధుత్వమే ముఖ్యమైనది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర నిర్మాణమువలన ఆ లోయ మునిగిపోగా, వెలికితీసిన యవశేషములు కొండమీది ప్రదర్శనశాలకును అనుపునకును తరలింపబడినవి. రాళ్లు దక్కినవి, అది మహోపకారమే. కాని చోటు దక్కలేదు. ఆరుబయటి శిల్పమునకు చోటు సగముపాలని యొప్పుకొన్నవారు ఈ నష్టమును గుర్తింపక తప్పదు.

చోటే శిల్పమైన యుదాహరణము మన కళింగసీమలోనే గలదు. అనకాపల్లి చేరువను శంకరమునందలి బొజ్జన్నకొండ, లింగాలకొండలను 1907–08లో అలెగ్జాండర్ రే త్రవ్వించి పరిశీలించెను. అచ్చట కొండరాతిని ఉన్నచోటనే మలచి స్తూపములు చేసిరి. రాతిని మోయలేదు, రాతికడకే శిల్పులు పోయిరి. కొండకు సహజముగానున్న యెత్తుపల్లములే స్తూపముల పరిమాణమును, వరుసను నిర్ణయించినవి. అనగా ప్రేరణలో సగము కొండదే. పిదప బౌద్ధము సన్నగిల్లినది. ఆ స్తూపములను చూచిన జనులు వానిని లింగములనుకొని ఆ కొండకు లింగాలకొండయని పేరిడిరి. పండితులు దీనిని పొరపాటందురు. పొరపాటే. అయినను ఆలయగర్భమున దాగిన విగ్రహమునకు ఈ భాగ్యము లభింపదు. ఆరుబయటనున్న శిల్పమును ప్రతి తరమువారును తమ కన్నులతో మరల నిర్మించుకొందురు. కర్త ప్రేరణ కొంతకాలమునకు మాసిపోవును. చూపరి ప్రేరణ దాని స్థానమున మొలకెత్తును.

ఇక ఆధునికులకడకు వత్తము. దేవీప్రసాద్ రాయ్ చౌధురి వంగదేశీయుడు; 1929 మొదలు 1957 వరకు మదరాసు చిత్రకళాశాలకు అధిపతిగానుండి, దక్షిణదేశపు చిత్రకారులను శిల్పులను ఒక తరమును తీర్చిదిద్దెను. మదరాసు సముద్రతీరమున 1959లో నెలకొల్పబడిన ‘శ్రమవిజయము’ ఆయన కృతి. నలుగురు శ్రామికులు గోచులతో, బిగిసిన కండలతో ఒక పెద్దబండను పెకలించుచున్నారు. వారిలో నెవ్వరికిని పేరులేదు. అది రాజు బొమ్మ కాదు, నాయకుని బొమ్మ కాదు. ఆ తీరముననే 1923లో సింగారవేలు చెట్టియారు మేదినోత్సవమును జరిపియున్నాడు. కావున చోటునకును శిల్పమునకును అనుబంధము కుదిరినది. ఇందలి విశేషమేమనగా, గదబపల్లెలో రాతిని కదలించుట శిల్పక్రియ; ఇచ్చట అదియే శిల్పవస్తువు. కొండమీద చేసిన పనిని సముద్రపుటొడ్డున చూపించినాడు. చౌధురి కొండవారి రాళ్లను చూచి దీనిని చేసెనని నా యభిప్రాయము కాదు. రాతియెదుట మనుష్యుడు పడు పాటు ఇరుతావులను ప్రేరకమైనదని మాత్రమే నేననునది.

హుస్సేనుసాగరమునందలి బుద్ధవిగ్రహము మూడవ తీరునకు ఉదాహరణము. అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు అమెరికాలో స్వేచ్ఛామూర్తిని చూచి, తన రాజధానికిని అట్టి మహామూర్తి కావలెనని తలచుటయే దీనికి మూలమని ప్రసిద్ధి. భువనగిరి చేరువనున్న రాయగిరి కడ ఏకశిలను మలచినవాడు ఎస్. ఎం. గణపతి స్థపతి. ఎత్తు 58 అడుగులు. 1990 మార్చి 10వ తేదీన నీటిమీద తరలించుచుండగా విగ్రహము సాగరమున మునిగినది. పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1992 డిసెంబరు 1వ తేదీన దానిని పైకి దీసి నిలిపిరి. ఇచ్చట ప్రేరణ ఒకరిది, ఉలి వేరొకరిది, భుజములు మరియొకరివి. స్థపతి పనితనమున లోపమున్నదని నేననను; ఆ ముఖమున శాంతి నిజముగానే నెలకొన్నది. కాని ఆ విగ్రహమును చూచునపుడు దానిని మోయుచు నీటిపాలైనవారు మన తలపునకు వచ్చుచున్నారా? గదబల రాయి మోసినవారిని మరువనీయదు, ఏలయన దానిమీద కూర్చుండువారు వారే, వారి బిడ్డలే. చౌధురి శిల్పమున మోయువారే మూర్తులు. ఇచ్చట మూర్తి మోసినవారిని కప్పివేసినది. ఇది శిల్పిపై నేరము గాదు. శిల్పమును మనము నిలుపుకొన్న పద్ధతిపై వచ్చు ప్రశ్న.

మన భాషలో ‘ప్రతిష్ఠ’ యను మాటకు రెండర్థములున్నవి. నిలుపుట యొకటి, గౌరవము, పేరు అనునది రెండవది. నిలుపుటవలన గౌరవము కలుగును గనుక ఈ రెండును ఒక్కమాటలో నిమిడినవి. నేడు మన కూడళ్లలో విగ్రహముల నిలుపుట సాగుచునేయున్నది. 2023లో హైదరాబాదునను, 2024లో విజయవాడనను 125 అడుగుల అంబేద్కరు విగ్రహములు వెలసినవి. వీని వెనుక తరతరముల అవమానమును తుడిచివైచుకొను జనుల యాకాంక్ష గలదు. దానిని చులుకన చేయుట విమర్శకునకు తగదు. నా శంక విగ్రహములను గూర్చి కాదు, కొలతను గూర్చి. శిల్పపు గొప్పతనమును అడుగులలో చెప్పుట అలవాటైన కొలది ప్రతిష్ఠలోని రెండవయర్థము మొదటిదానిని మ్రింగివేయును. ఎంత యెత్తు అను ప్రశ్నకు బదులు, ఎవరు నిలిపిరి, ఎవరు దాని నీడన కూర్చుందురు అని యడుగవలెను.

పాశ్చాత్యులలోను ఈ యన్వేషణ లేకపోలేదు. రోడిన్ తన ‘కలే పురజనుల’ను ఎత్తైన పీఠముపై గాక నేలమట్టమున, పౌరులనడుమ నిలుపవలెనని కోరెను. 1895లో విగ్రహమును పీఠమెక్కించిరి. ఆయన మరణానంతరము 1924లో క్రిందికి దింపిరి. రుమేనియా శిల్పి బ్రాంకూషి తర్గు జియు పట్టణమున ప్రథమప్రపంచయుద్ధమృతుల స్మృతికై 1938లో పూర్తిచేసిన శిల్పసముదాయమున ఒక గుండ్రని రాతిబల్ల, దానిచుట్టు పండ్రెండు రాతిపీటలు గలవు. దానిపేరు ‘మౌనపు బల్ల’. మృతుల పేర రాతిపీట! ఆధునిక శిల్పాచార్యుడు ఎన్నియో రూపములను విడిచి విడిచి చేరుకొన్న తావున కనుమకు ఆవలి పల్లెలవారు మొదటినుండియు కూర్చుండియున్నారు. ఈ మాట వారిని పొగడుటకు గాదు. బ్రాంకూషిని శిల్పియని యొప్పుకొన్నవారు వీరిని కాదనుటకు హేతువు వెదకుకొనవలెనని చెప్పుటకు.

ఇచ్చట రెండాక్షేపములు రాగలవు. గోతరువంటి క్రియలు వ్యయప్రయాసలతోను పశుహింసతోను కూడినవి గదా యని యొకటి. నిజమే. కొండవారిదంతయు పవిత్రమనియు, మైదానమువారిదంతయు కృత్రిమమనియు చెప్పుట విమర్శ కాదు, వేడుక. ఆచారమును నిలుపుకొనుటయో విడుచుటయో ఆ జనులు తేల్చుకొనవలసిన విషయము. సవరలలో పెక్కుమంది క్రైస్తవులై రాయి నాటుట మానిరి. పియర్స్ విటెబ్స్కీ 2017లో ప్రకటించిన గ్రంథమున ఈ మార్పును వర్ణించెను. విడిచిన యాచారముపట్ల మనకు ఆజ్ఞాపించు హక్కు లేదు. నిలిచిన రాళ్లపట్ల మాత్రము తెలిసికొను బాధ్యత గలదు.

కర్త పేరు తెలియనిదానిని శిల్పిపరముగా విమర్శించుట యెట్లు అనునది రెండవ యాక్షేపము. అమరావతి ఫలకములను, లేపాక్షి స్తంభములను చెక్కినవారిలో ఎందరి పేర్లు మనకు తెలియును? పేరు తెలియకున్నను వారిని శిల్పులనుటకు మనము వెనుదీయలేదు. చెక్కినవాని యజ్ఞాతత్వమును మన్నించి, నిలిపినవాని యజ్ఞాతత్వమును దోషముగా నెంచుట న్యాయము గాదు.

కావున ఆనాడు నా విద్యార్థికి నేను చెప్పవలసిన సమాధానమిది: వారిని శిల్పులనవలెను. వారి శిల్పమునకు ప్రేరణ, గతించినవానికి ఊరిలో చోటు తప్పిపోరాదను పట్టుదల. ఆ పట్టుదల ఒకని హృదయమున గాక పల్లె హృదయమున పుట్టినది గనుక, పనియు పల్లెదే యైనది. రూపము నిచ్చుట శిల్పములో నొక భాగము. నిలుపుట రెండవ భాగము. లోపలి శిల్పమునకు మొదటిది ప్రాణమైనను, ఆరుబయటి శిల్పమునకు రెండవదే ప్రాణము.

తెలుగుశాఖలలో శాసనములను, గేయములను సేకరించినట్లే, ఈ నాటిన రాళ్లను, వానిచుట్టునున్న మాటలను సేకరించుట నేటి పరిశోధకులకు తగిన పని. రాతికి లెక్కలేనన్ని వానకాలములను సైచు శక్తి గలదు. దానిని గూర్చిన మాటకు లేదు. ఏ రాయి యెవరికొరకు నిలిచినదో చెప్పగల ముసలివారు పోయినపిదప, మిగులునది వట్టి బండయే. దక్షిణకవాటము నేడును తెరచియే యున్నది. ఆ విద్యార్థివంటివారు ఆ వాకిట ఇటు వచ్చి మన పాఠములు వినుచున్నారు. మనమును ఒకసారి అటు పోయి, వారి రాళ్లయెదుట నిలువవలసియున్నది.